మైనస్ పవర్ వెనక్కి తగ్గుతుందా? ముందు కనుగుడ్డు పొడవు చూడాలి

మా అమ్మాయికి ఎనిమిదో ఏట సైట్ వచ్చింది. బోర్డు మీది అక్షరాలు కనపడక పక్క పిల్ల నోట్సులో చూసి రాసుకుంటోందని టీచర్ పిలిచి చెబితే గానీ మాకు తెలియలేదు. కళ్ల డాక్టర్ చూసి రెండు కళ్లకీ మైనస్ 1.25 అని అద్దాలు రాశారు. చేయించాం కూడా. కానీ ఆ గులాబీ రంగు కళ్లజోడు చాలాకాలం డబ్బాలోనే ఉండిపోయింది. "ఇంత చిన్నపిల్లకి అప్పుడే అద్దాలేంటి? ఒకసారి అలవాటైతే జన్మలో వదలవు. ముందు ఎక్సర్‌సైజులు చేయించండి, పవర్ దానంతటదే పోతుంది" అని ఇంట్లోనూ బంధువుల్లోనూ అందరిదీ ఒకటే మాట. నాకూ ఆ మాటే నచ్చింది. నాకు మైనస్ 4. పదేళ్లప్పటి నుంచి అద్దాలు పెట్టుకుంటున్నదాన్ని. నా కూతురికి అది వద్దనుకున్నాను.

వాట్సాప్‌లో వచ్చిన ఒక వీడియో చూసి రోజూ పొద్దున్నే అరచేతులు రుద్ది కళ్ల మీద పెట్టించాను. కనుగుడ్లు గుండ్రంగా తిప్పించాను. బొటనవేలిని దగ్గరికీ దూరానికీ జరుపుతూ చూడమన్నాను. క్యారెట్ జ్యూస్ తాగించాను. వారానికి రెండు రోజులు పొన్నగంటి కూర వండాను. పిల్ల ఒక్కరోజు కూడా పేచీ పెట్టలేదు. ఏడాదిన్నర తర్వాత చూపిస్తే మైనస్ 2.75.

ఈసారి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. అక్కడ పవర్ చూసి వదిలేయలేదు. పిల్లని ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించి లోపలి వెలుగు చుక్కని చూడమన్నారు. కంటిని తాకకుండానే క్షణాల్లో కొలత తీసేసి కాగితం చేతిలో పెట్టారు. కుడి కన్ను 24.21, ఎడమ కన్ను 24.18. మిల్లీమీటర్లు. కనుగుడ్డు ముందు నుంచి వెనక దాకా ఎంత పొడవుందో ఆ లెక్క. "పవర్ తగ్గే దారేమైనా ఉందా డాక్టర్‌గారూ" అని అడిగాను. ఆవిడ ఆ కాగితం మీద వేలు పెట్టి, "మీరు పవర్ గురించి అడుగుతున్నారు, నేను ఈ అంకె చూస్తున్నానమ్మా. పెరిగింది మళ్లీ పొట్టిదవదు. ఇంకా పెరగాల్సింది ఎంత నెమ్మదిగా పెరుగుతుందన్నదే మన చేతిలో ఉంది" అన్నారు.

అప్పటి నుంచి ఈ విషయం గురించి దొరికిందల్లా చదివాను, కనపడిన డాక్టర్‌నల్లా అడిగాను. మేం పోగొట్టుకున్న ఏడాదిన్నర ఇంకో పిల్లకి పోకూడదని ఇది రాస్తున్నాను.

పుట్టినప్పుడు మనిషి కనుగుడ్డు సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 24 దగ్గరికి వస్తుంది. కంటి ముందుభాగంలో ఉండే కార్నియా, దాని వెనక ఉండే లెన్స్ రెండూ కలిసి వెలుగుని వంచి వెనక గోడ మీద, అంటే రెటీనా మీద, సరిగ్గా పడేలా చేస్తాయి. గోడ ఎక్కడుండాలో అక్కడ ఉంటే చూపు స్పష్టంగా ఉంటుంది. కనుగుడ్డు పెరగడం ఆగాల్సిన చోట ఆగక గోడ ఇంకాస్త వెనక్కి జరిగితే, దూరం నుంచి వచ్చే వెలుగు గోడకి చేరకముందే ఒకచోట కలిసి మళ్లీ చెదిరిపోతుంది. దూరంగా ఉన్నవన్నీ మసకబారతాయి. దీన్నే హ్రస్వదృష్టి అంటాం. ఒక మిల్లీమీటరు ఎక్కువ పొడవుంటే పవర్ సుమారుగా రెండున్నర పెరుగుతుంది. మా పిల్లకి ఏడాదిన్నరలో పెరిగిన ఒకటిన్నర పవర్‌కి లెక్క వేస్తే 0.6 మిల్లీమీటర్లు. ఆవగింజంత కూడా కాదు.

ఈ లెక్క ఇంట్లోనే చూసుకోవచ్చు. మైనస్ పవర్ ఉన్నవాళ్లు అద్దాలు తీసి, ఒక కన్ను మూసి, పేపర్‌లోని చిన్న అక్షరాలని ముక్కు దగ్గర నుంచి మెల్లగా దూరం జరపండి. అంచులు చెదరడం మొదలయ్యే చోట ఆగి స్కేలుతో కొలవండి. 100ని ఆ సెంటీమీటర్లతో భాగిస్తే దాదాపు మీ పవర్ వస్తుంది. నాకు 25 సెంటీమీటర్లు. 100 బై 25, మైనస్ 4. అద్దాల్లేని నా ప్రపంచం జానెడు దాటితే మసకే. ఈ కొలత గుర్తుపెట్టుకోండి. ఎవరైనా "నా పవర్ తగ్గింది" అంటే నిజంగా తగ్గినట్టయితే ఈ దూరం పెరగాలి.

చూపుని సరిచేయడం వేరు, జబ్బుని వెనక్కి మళ్లించడం వేరు. అద్దాలు, కాంటాక్ట్ లెన్సులు, లేజర్ ఆపరేషన్ మొదటి పని చేస్తాయి, అద్భుతంగా చేస్తాయి. రెండో పని చేసేది, అంటే పెరిగిన కనుగుడ్డుని మళ్లీ పొట్టిగా చేసేది, ఇప్పటివరకు లేదు. గందరగోళమంతా ఈ రెంటినీ "తగ్గడం" అనే ఒక్క మాటతో అనేయడం వల్ల వస్తోంది. "లేజర్ చేయించుకుంటే సైట్ పోయింది" అనేవాళ్లూ, "కసరత్తులతో సైట్ పోయింది" అనేవాళ్లూ, "షుగర్ తగ్గాక సైట్ పోయింది" అనేవాళ్లూ ఒకే మాట వాడుతున్నారు. చెబుతున్నవి మూడు వేరు వేరు సంగతులు.

నిజంగానే తగ్గే పవర్

అసలు తగ్గనే తగ్గదంటే అదీ అబద్ధమే. కనుగుడ్డు పొడవుతో సంబంధం లేని మైనస్ పవర్ కొంత ఉంటుంది. అది తగ్గుతుంది. అలా తగ్గినవాళ్లని చూసే మిగతావాళ్లందరికీ ఆశ పుడుతుంది.

మా మామయ్యగారి సంగతే చెబుతాను. ఆయనకి 68 ఏళ్లు. నలభై దాటినప్పటి నుంచీ పేపర్ చదవాలంటే చత్వారం అద్దాలు ఉండాల్సిందే. ఉన్నట్టుండి ఒకరోజు అద్దాల్లేకుండానే పేపర్ చదివేస్తున్నారు. "చూశావామ్మా, పొన్నగంటి కూర అని ఊరికే అనలేదు. పోయిన కంటి కూర అది" అని ఎంత మురిసిపోయారో. వీధిలో అందరికీ చెప్పారు. మూడు నెలలకి ఎదురుగా వస్తున్న బస్సు నంబర్ కనపడడం మానేసింది. చూపిస్తే తేలింది శుక్లం. కంటి లోపలి లెన్స్ మధ్యభాగం గట్టిపడుతున్నకొద్దీ దాని శక్తి పెరుగుతుంది, కంటికి మైనస్ పవర్ వస్తుంది, దాంతో దగ్గర చూపు తాత్కాలికంగా బాగుపడుతుంది. డాక్టర్లకి ఇది బాగా తెలిసిన లక్షణం. ఆపరేషన్ చేసి కొత్త లెన్స్ పెట్టాక ఆ మైనస్ పోయింది. ఇప్పుడాయన దూరం చక్కగా చూస్తారు, పేపర్‌కి మాత్రం మళ్లీ అద్దాలు.

పొన్నగంటి కూర మీద నాకేమీ కోపం లేదు, ఇప్పటికీ వండుతాను. ఆకుకూరల్లో ఉండే కెరోటిన్‌తో ఒంట్లో విటమిన్ ఎ తయారవుతుంది. అది లేక రేచీకటి వచ్చిన పిల్లలకి ఆకుకూరలు, క్యారెట్ నిజంగా మేలు చేస్తాయి. మన పెద్దల నమ్మకం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కానీ కనుగుడ్డు పొడవుకీ ఏ కూరకీ సంబంధం లేదు.

షుగర్ సంగతి ఇంకోటి. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంటి లెన్స్‌లోకి నీరు చేరి ఉబ్బుతుంది, పవర్ మారిపోతుంది. మందులతో షుగర్ అదుపులోకి వచ్చాక కొన్ని వారాల్లో లెన్స్ సర్దుకుంటుంది, పవర్ మళ్లీ మారుతుంది. అందుకే షుగర్ అదుపులో లేని రోజుల్లో అద్దాలు చేయించుకోవద్దని చెబుతారు. మైగ్రేన్‌కీ మూర్ఛకీ ఇచ్చే టోపిరామేట్ లాంటి మందుతో అరుదుగా కొందరికి ఒక్కసారిగా మైనస్ వస్తుంది. డాక్టర్ చూసి మందు ఆపిస్తే అదీ పోతుంది. కానీ దాంతోపాటు కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి ఆ రోజే పరుగెత్తాలి.

పిల్లల్లో ముఖ్యమైనది దొంగ మైనస్. గంటల తరబడి దగ్గరగా చూసి చూసి, లెన్స్‌ని గుండ్రంగా చేసే లోపలి కండరం బిగుసుకుపోయి వదలదు. దూరం మసకగా కనిపిస్తుంది. ఆ స్థితిలో పవర్ చూస్తే లేని మైనస్ కనపడుతుంది, ఉన్నది ఎక్కువై కనపడుతుంది. అందుకే పిల్లలకి కంట్లో చుక్కలు వేసి, ఆ కండరం పూర్తిగా సడలాక పవర్ చూడాలి. కళ్లజోళ్ల షాపులో చుక్కలు వేయకుండా కంప్యూటర్ టెస్ట్ మీద పదినిమిషాల్లో రాసిచ్చే పవర్‌ని పిల్లల విషయంలో నమ్మలేం. షాపులో మైనస్ 1.5 రాసిన పిల్లకి నెల రోజులు కసరత్తులు చేయించి, తర్వాత ఆస్పత్రిలో చూపిస్తే మైనస్ 0.5 రావచ్చు. పొంగిపోతాం. ఆ ఒకటి అసలు ఎప్పుడూ లేదు.

కసరత్తులు చేసినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు

అరచేతులు కళ్ల మీద కప్పుకోవడం, చూపుని అటూ ఇటూ జరపడం, పొద్దుటి సూర్యుణ్ని చూడడం లాంటి వాటిని ఈ కాలంలో ఒక పద్ధతిగా ప్రచారం చేసినవాడు న్యూయార్క్ కంటి డాక్టర్ విలియం బేట్స్. 1920లో ఆయన చెప్పిన సిద్ధాంతం ఏమిటంటే, దగ్గరవీ దూరానివీ చూడడానికి కంటి లోపలి లెన్స్ ఏమీ చేయదు, కనుగుడ్డు చుట్టూ ఉన్న కండరాలే దాన్ని నొక్కి సాగదీస్తాయి, ఆ కండరాలని సడలిస్తే సైట్ పోతుంది అని. ఇది తప్పని చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. శుక్లం ఆపరేషన్‌లో సొంత లెన్స్ తీసేసి కదలని లెన్స్ పెడతారు. చుట్టూ ఉన్న కండరాలన్నీ అలాగే ఉంటాయి. అయినా మా మామయ్యగారికి దగ్గర చూపుకి అద్దాలు కావాల్సి వచ్చింది. బేట్స్ చెప్పిందే నిజమైతే అవి అవసరం పడకూడదు. ఇక సూర్యుణ్ని సూటిగా చూడడం మాత్రం ఎవరూ చేయకండి. రెటీనా కాలిపోతే బాగుచేసే మందు లేదు.

మరి "నేను చేశాను, నాకు తేడా తెలిసింది" అనేవాళ్ల సంగతేంటి? వాళ్లని తేలిగ్గా కొట్టిపారేయడం నాకిష్టం లేదు. తేడా నిజంగానే తెలుస్తుంది. అద్దాలు లేకుండా కొన్నాళ్లు తిరిగితే మెదడు మసకని చదవడం నేర్చుకుంటుంది. అదే మసక బొమ్మలోంచి ముందుకన్నా ఎక్కువ అర్థం లాగుతుంది. చార్టులో ఒకటి రెండు వరుసలు అదనంగా చదవగలుగుతాం. యంత్రం మీద పెడితే పవర్ అక్కడే ఉంటుంది. దానికి తోడు ఇంట్లో గోడకి అతికించుకున్న చార్టు నెలకల్లా కంఠతా వచ్చేస్తుంది. వెలుతురు బాగున్నప్పుడు కంటిపాప చిన్నదై చూపు కొంచెం తేటపడుతుంది. కళ్లు చికిలించినా అంతే. అద్దాలు తీసి, పిడికిలి బిగించి, వేళ్ల మధ్య సూదిబెజ్జమంత సందులోంచి దూరంగా ఉన్న బోర్డు చూడండి. అక్షరాలు తేటగా కనపడతాయి. సందు తీసేస్తే మళ్లీ మసకే. చిల్లుల కళ్లజోళ్లని "సైట్ పోగొట్టేవి" అని అమ్మేది ఈ చిన్న కిటుకు మీదే.

వయసు కూడా ఒక కారణం. అమెరికాలో మైనస్ పిల్లలని ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో 15 ఏళ్లకి దాదాపు సగం మందికి పవర్ స్థిరపడింది. 18 ఏళ్లకి 77 శాతం, 21కి 90 శాతం. అంటే పదిహేడేళ్ల కుర్రాడు యూట్యూబ్ చూసి కసరత్తులు మొదలుపెట్టి, పద్దెనిమిదికి "పవర్ పెరగడం ఆగిపోయింది" అంటే, అది ఆగే వయసు కాబట్టి ఆగింది. అదే కసరత్తు ఎనిమిదేళ్ల పిల్లకి చేయిస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను.

అద్దాలు అలవాటైతే పవర్ పెరుగుతుందన్న భయం వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. పిల్లకి అద్దాలు పెట్టాక పవర్ పెరగడం అందరూ చూస్తారు. కానీ పెరిగేది పెరిగే వయసు కాబట్టి. అద్దాలు లేకపోయినా పెరిగేదే. అసలు పవర్ కన్నా తక్కువ పెడితే పెరుగుదల నెమ్మదిస్తుందేమోనని మలేసియాలో పిల్లల మీద పరీక్షించి 2002లో ఫలితం చెప్పారు. తక్కువ పవర్ పెట్టిన పిల్లలకే మైనస్ ఇంకా ఎక్కువగా పెరిగింది. ఆ తర్వాతి అధ్యయనాలు అంత గట్టిగా చెప్పకపోయినా, తక్కువ పెడితే లాభం ఉందని మాత్రం తేలలేదు. ఈ సంగతి తెలిసినరోజు నేను డబ్బాలో దాచిన ఆ గులాబీ కళ్లజోడు తీసి చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పిల్ల ఏడాదిన్నర బోర్డు కనపడకుండా క్లాసులో కూర్చుంది, అది కూడా నా వల్లే. 2019 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు పథకం బడిపిల్లలతో మొదలైందంటే కారణం ఇదే. కనపడని పిల్లకి కనపడేలా చేయడం అన్నిటికన్నా ముందు.

లేజర్ తర్వాత

పెళ్లిచూపుల ముందు, పోలీసు ఉద్యోగాల సెలక్షన్ ముందు మన దగ్గర లేజర్ చేయించుకునేవాళ్లు చాలామంది. తప్పేం లేదు. 18 దాటి, ఏడాదిగా పవర్ మారకుండా ఉండి, కార్నియా మందం, ఆకారం బాగున్నాయని పరీక్షల్లో తేలితే మంచి ఆపరేషన్ అది. కార్నియా సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. మైనస్ 4 పోవడానికి అందులోంచి లేజర్ చెక్కేది దాదాపు తలవెంట్రుక మందమంత. ముందు గోడ వంపు కాస్త చదునవుతుంది, వెలుగు వెనక గోడని చేరుతుంది. అద్దాలు పోతాయి.

పోనిది కనుగుడ్డు పొడవు. మా ఆఫీసులో ఒకావిడకి మైనస్ 8 ఉండేది. 24 ఏళ్లకి లేజర్ చేయించుకుంది, తర్వాత పదేళ్లు కంటి డాక్టర్ మొహం చూడలేదు. "నాకిప్పుడు సైట్ లేదుగా" అనేది. ఒక రాత్రి చీకట్లో కంటి పక్కన మెరుపులు, నల్లటి చుక్కల జల్లు. అదృష్టం, మర్నాడే వెళ్లింది. రెటీనాకి చిల్లు పడింది. దాని చుట్టూ లేజర్‌తో కట్టు వేశారు. ఇంకో వారం ఆగితే రెటీనా ఊడి వచ్చేదన్నారు. సాగిన కనుగుడ్డులో రెటీనా పలచబడి ఉంటుంది. మైనస్ 6 దాటితే రెటీనా ఊడడం, రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే మాక్యులా దెబ్బతినడం, నీటికాసులు, ముందుగానే శుక్లం రావడం, వీటన్నిటి ప్రమాదం ఎక్కువ. లేజర్ చేయించుకున్నవాళ్లు అద్దాల షాపు మానేయొచ్చు, రెటీనా పరీక్ష మానకూడదు.

ఇందుకే నెమ్మదింపజేయడం అంత ముఖ్యం. మైనస్ ఒక్క అంకె తక్కువగా ఆగితే మాక్యులా దెబ్బతినే ప్రమాదం సుమారు 40 శాతం తగ్గుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. 6 దగ్గర ఆగాల్సింది 4 దగ్గర ఆగితే ఆ పిల్ల యాభయ్యేళ్ల జీవితం మారిపోతుంది.

కనుగుడ్డు ఎందుకు సాగుతుంది

అమ్మానాన్నల్లో ఒకరికి సైట్ ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం పెరుగుతుంది, ఇద్దరికీ ఉంటే ఇంకా ఎక్కువ. కానీ కథంతా వారసత్వమే అయితే ఒక్క తరంలో ఇంత మారదు. 2002లో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల లెక్క చూస్తే మైనస్ ఉన్నవాళ్లు 4.1 శాతం. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2010లో సైన్యానికి పరీక్ష చేసిన 19 ఏళ్ల కుర్రాళ్లలో 96.5 శాతం. మన జన్యువులు, వాళ్ల జన్యువులు అనుకుందామన్నా, ఆ కుర్రాళ్ల తాతల్లో ఇంతమందికి లేదు. 2050 నాటికి ప్రపంచంలో సగం మందికి మైనస్ ఉంటుందని 2016లో అంచనా వేసిన బృందాన్ని ముందుండి నడిపినవాడు ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలోని ఆప్టోమెట్రీ కాలేజీ ఆయన పేరు మీదే ఉంది.

కన్ను చూపుని బట్టి పెరుగుతుందన్న సంగతి 1977లో కోతుల మీద ప్రయోగంతో బయటపడింది. రెప్పలు కుట్టేస్తే ఆ కన్ను పొడవుగా సాగిపోయింది. తర్వాత కోడిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, మైనస్ అద్దం పెడితే కన్ను సాగిందనీ ప్లస్ పెడితే ఆగిందనీ చూశారు. అంటే రెటీనా తన మీద పడే బొమ్మని బట్టి "ఇంకా పెరుగు" అనో "ఇక చాలు" అనో సంకేతం పంపుతుంది. ఆరుబయటి వెలుతురులో రెటీనా విడుదల చేసే డోపమైన్ అనే రసాయనమే ఆ "చాలు" అనే సంకేతమని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇంట్లో ట్యూబులైటు కింద 300 నుంచి 500 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నం వేపచెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. మన కంటికి ఆ తేడా అంతగా తెలియదు, రెటీనాకి తెలుస్తుంది.

చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడులని తీసుకుని, ఆరింటిలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్లకి ఆ బడుల్లో కొత్తగా మైనస్ వచ్చినవాళ్లు 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. మందు లేదు, మాత్ర లేదు. ఎండలో ఆడుకున్నారంతే. తైవాన్‌లో 2010 నుంచి రోజుకి రెండు గంటలు బయట ఉండాలని బడులన్నిటికీ చెప్పాక, ఏళ్ల తరబడి పెరుగుతూ వస్తున్న చూపు మందగించిన పిల్లల శాతం తగ్గడం మొదలైంది. దీనికి తలకిందులు కొవిడ్ ఏడాది. చైనాలో షాన్‌డాంగ్ రాష్ట్రంలోని ఒక ఊళ్లో ఆరేళ్ల పిల్లల్లో మైనస్ అంతకుముందు ఏ ఏడూ 5.7 శాతం దాటలేదు. ఇళ్లల్లో మూసిపెట్టిన 2020లో 21.5కి ఎగిరింది. పొద్దున ఆరింటికి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదింటికి స్టడీ అవర్‌తో ముగిసే మన రెసిడెన్షియల్ చదువుల్లో పిల్ల ఆకాశం చూసేది ఎప్పుడో నాకు తెలియడం లేదు. పీఈటీ పీరియడ్‌ని కూడా లెక్కల సారుకి ఇచ్చేస్తున్నారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎండ ఎక్కువగా పనిచేసేది సైట్ రాకుండా ఆపడంలో. వచ్చాక పెరగకుండా ఆపడంలో దాని బలం తక్కువ. కాబట్టి సైట్ రాని చిన్నపిల్లల అమ్మానాన్నలే దీన్ని ముందు పట్టించుకోవాలి. ఇంకొకటి, ఆరేళ్ల పిల్లకి చుక్కలు వేసి చూస్తే పవర్ సున్నా వచ్చిందని సంబరపడతాం. ఆ వయసులో కొంచెం ప్లస్ ఉండాలి, ప్లస్ 0.75 దాకా అయినా. అది కంటికి ఉన్న నిల్వ. అప్పుడే సున్నాకి వచ్చిందంటే నిల్వ అయిపోయినట్టే, మైనస్ వచ్చే అవకాశం ఎక్కువ. నాకు ఈ ఒక్క సంగతి మా అమ్మాయి ఒకటో తరగతిలో తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

వచ్చేశాక ఏం చేయొచ్చు

మూడు దారులున్నాయి, మూడూ వేగం తగ్గించేవే. మొదటిది అట్రోపిన్ చుక్కలు. ఉమ్మెత్త లాంటి మొక్కల్లో ఉండే పదార్థమే ఇది. చుక్కలుగా వాడేది అతి తక్కువ మోతాదు, డాక్టర్ రాసిచ్చేది, ఇంటి వైద్యం కాదు. సింగపూర్‌లో 0.01 శాతం మందుతో ఆశ పుట్టింది. హాంకాంగ్‌లో 2019లో మూడు మోతాదులు పోల్చి చూస్తే 0.05 శాతం అన్నిటికన్నా బాగా పనిచేసింది, మొదటి ఏడాది పవర్ పెరుగుదలని మూడింట రెండు వంతులు తగ్గించింది. 0.01 శాతం నాలుగో వంతు పైచిలుకే. అమెరికాలో 2023లో చూస్తే 0.01 శాతానికీ మందు లేని ఉత్త చుక్కలకీ తేడా కనపడలేదు. అందుకే మీ పిల్లకి ఏ మోతాదు రాశారో, ఎందుకో అడగండి. అలాగే సొంతంగా ఆపేయకండి, ఎక్కువ మోతాదు వాడి ఒక్కసారిగా మానేస్తే ఆగిన పవర్ ఎగబాకుతుంది.

రెండోది ప్రత్యేక అద్దాలు. చూడడానికి మామూలు కళ్లజోడే. వెలుతురుకి వంచి చూస్తే మధ్యలో చిన్న గుండ్రటి ఖాళీ, చుట్టూ తేనెపట్టులా సన్నటి చుక్కలు. మధ్యలోంచి చూపు మామూలుగా స్పష్టంగా ఉంటుంది. చుట్టూ ఉన్న చుక్కలు వెలుగుని రెటీనాకి కాస్త ముందే కలిపి "చాలు" అనే సంకేతం ఇస్తాయి. హాంకాంగ్‌లో రెండేళ్ల పరీక్షలో మైనస్ పెరుగుదల సగానికి తగ్గింది. మామూలు అద్దాల కన్నా చాలా ఖరీదు, రోజంతా పెట్టుకుంటేనే ఫలితం. ఇదే సూత్రంతో పగటిపూట పెట్టుకునే కాంటాక్ట్ లెన్సులూ ఉన్నాయి.

మూడోది ఆర్థో-కె. రాత్రి పడుకునేముందు గట్టి లెన్స్ పెట్టుకుంటే తెల్లారేసరికి కార్నియా చదునై, పగలు అద్దాల్లేకుండా కనపడుతుంది. మానేస్తే కొద్దిరోజుల్లో పవర్ మళ్లీ యథాస్థానానికి వస్తుంది. కానీ కనుగుడ్డు సాగడం కూడా నెమ్మదిస్తుందని తేలింది. ఇక్కడ శుభ్రత ప్రాణం. లెన్స్‌ని కుళాయి నీళ్లతో కడిగితే కార్నియా పుండుపడి చూపే పోవచ్చు.

కళ్లలోకి ఎర్ర వెలుగు వేసే యంత్రాల గురించి కూడా అడుగుతున్నారు. చైనాలో పరీక్షించినప్పుడు కొందరు పిల్లల్లో కనుగుడ్డు కొలత కొంచెం తగ్గింది కూడా. అది ప్రధానంగా రెటీనా వెనకున్న రక్తనాళాల పొర ఉబ్బడం వల్ల వచ్చే మార్పుగా చూస్తున్నారు. కనుగుడ్డు గట్టి గోడ ముందుకి జరిగిందని కాదు. దీన్ని వాడిన ఒక పన్నెండేళ్ల పిల్లకి రెటీనా దెబ్బతిన్నట్టు 2023లో వైద్య పత్రికలో వచ్చింది. మా పిల్ల కళ్లలోకి నేనైతే ఆ వెలుగు వేయించను.

మా అమ్మాయికి 0.05 శాతం చుక్కలు, తేనెపట్టు అద్దాలు రెండూ మొదలుపెట్టి ఏడాదైంది. రాత్రి పడుకునేముందు రెండు కళ్లలో చెరో చుక్క. మొదట్లో ఎండలో కళ్లు చికిలించేది, టోపీ కొన్నాం. బడి నుంచి రాగానే ట్యూషన్ మాన్పించి అయిదున్నర దాకా కింద ఆడుకోమంటున్నాం. పోయిన నెల మళ్లీ కొలిచారు. కుడి కన్ను 24.36, ఎడమ 24.32. పవర్ మైనస్ 3. తగ్గలేదు, పెరిగింది, కానీ అంతకుముందు ఏడాదిలో పెరిగినదాంట్లో సగం కూడా లేదు.

"అంటే నేను పెద్దయ్యాక కూడా అద్దాలు పెట్టుకోవాలా?" అని డాక్టర్‌గారినే అడిగింది. "పెట్టుకోవాలి బంగారూ. పెద్దయ్యాక వద్దనుకుంటే అప్పుడు లేజర్ ఉంది. ఇప్పుడు మాత్రం నీ కన్ను పొడవు ఎక్కువగా పెరగకుండా చూద్దాం" అన్నారావిడ.

మా వంటింటి గుమ్మం మీద మా అమ్మాయి ఎత్తు గీతలు ఉన్నాయి, పుట్టినరోజు నాడల్లా పెన్సిల్‌తో గీస్తాం. ఈసారి ఎత్తు గీత పక్కన అదే స్వయంగా చిన్న అక్షరాలతో 24.36 అని రాసుకుంది. మళ్లీ కొలిచేది ఆరు నెలలకి.